కుర్రాళ్లకో వేసవి

2021లో మా బేస్‌బాల్ జట్టు బాల్టిమోర్ ఓరియోల్స్ 162 ఆటలాడి 110 ఓడిపోయింది. ఆ ఆగస్టులో వరసబెట్టి 19 ఆటలు ఓడింది. రోజూ సాయంత్రం ఏడింటికి టీవీ పెట్టేవాణ్ణి. మూడో ఇన్నింగ్స్ అయ్యేసరికి మావాళ్లు ఐదారు పరుగులు వెనకబడి ఉండేవాళ్లు. అయినా కట్టెయ్యబుద్ధయ్యేది కాదు. అదే జట్టు నిరుడు 83 గెలిచి 79 ఓడింది. ప్లేఆఫ్‌లకు వెళ్లలేదు గానీ సెప్టెంబరు ఆఖరుదాకా ఆశ చావనివ్వలేదు. ఇప్పుడు 2023 మార్చి. ఫ్లోరిడాలోని సారసోటాలో, ఎడ్ స్మిత్ స్టేడియంలో, కొత్త సీజన్‌కి సన్నాహపు ఆటలు జరుగుతున్నాయి.

ఈ ఆటల్లో ఎవరు గెలిచినా అది గెలుపోటముల పట్టికలోకి ఎక్కదు. ఐదో ఇన్నింగ్స్ దాటాక పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లిపోతారు. వీపు మీద డెబ్భైలు, ఎనభైల నంబర్లు వేసుకున్న కుర్రాళ్లు బయటికొస్తారు. నాకు ఆట అక్కణ్ణుంచే రక్తి కడుతుంది. పాతికేళ్లు నిండని పిల్లవాడు, నిన్నటిదాకా ఏదో చిన్న ఊరి స్టేడియంలో రెండు మూడు వేలమంది ముందు ఆడినవాడు, పెద్ద పిచ్చర్ ఎదుట నిలబడి మొదటి బంతిని వదిలేస్తాడా, తొందరపడి ఊపుతాడా అని చూస్తాను. హిట్ కొట్టాడా లేదా అన్నది తర్వాతి సంగతి. ఏ బంతిని వదిలేశాడన్నదాంట్లో కుర్రాడి భవిష్యత్తు ఎక్కువ కనిపిస్తుందని నా నమ్మకం.

వీళ్లలో చాలామంది మా మేరీలాండ్ వాళ్లకి కొత్త కాదు. ఓరియోల్స్ కింది స్థాయి జట్లలో ముఖ్యమైనవన్నీ దగ్గర దగ్గరే ఉన్నాయి. సాలిస్‌బరీ, ఆబర్డీన్, బోవీ మూడూ మేరీలాండ్‌లోనే. అన్నిటికన్నా పైమెట్టు నార్‌ఫోక్, పక్కనే వర్జీనియాలో. మా కొలంబియా నుంచి బోవీ స్టేడియానికి కారులో అరగంటలో పోవచ్చు. తెలుగు కుటుంబాలు పిల్లలతో శుక్రవారం సాయంత్రాలు అక్కడ కనిపిస్తూనే ఉంటాయి. ముందు వరసలో కూచుంటే బంతి క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడు గుండెకి తగులుతుంది. పిచ్చర్ బంతి విసిరాక పళ్లబిగువున చేసే చిన్న మూలుగు కూడా వినిపిస్తుంది. అంత దగ్గర్నుంచి చూసిన పిల్లలు పెద్ద జట్టులోకి వచ్చినప్పుడు వాళ్ల మీద మనకేదో హక్కున్నట్టు అనిపిస్తుంది. అందుకే ఈ మార్చిలో వాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

ఇంతమంది కుర్రాళ్లు ఒక్కసారిగా ఎలా వచ్చారంటే, ఓడిపోవడం వల్లే వచ్చారు. అమెరికన్ బేస్‌బాల్‌లో నిన్నమొన్నటిదాకా లెక్క సూటిగా ఉండేది. ఎవరు ఎక్కువ ఓడితే, ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో వాళ్లు కొత్త కుర్రాళ్లని ముందు ఎంచుకుంటారు. 2018లో ఓరియోల్స్ 115 ఆటలు ఓడింది. బాల్టిమోర్‌లో అంత ఘోరమైన ఏడాది అంతకుముందెన్నడూ లేదు. ఆ నవంబరులో హ్యూస్టన్ నుంచి మైక్ ఇలియాస్ జనరల్ మేనేజర్‌గా వచ్చాడు. పాత జట్టుకి అతుకులు వెయ్యకుండా పునాది నుంచి కడతానన్నాడు. 2019లో డ్రాఫ్ట్ మొత్తంలో మొదటి ఎంపిక ఆడ్లీ రచ్‌మన్. 2020లో రెండో ఎంపిక హెస్టన్ కెర్‌స్టాడ్. 2021లో ఐదో ఎంపిక కోల్టన్ కౌజర్. నిరుడు మళ్లీ మొదటి ఎంపికే దక్కింది. ఆ అబ్బాయి జాక్సన్ హాలిడే, ఒకప్పటి పెద్ద బ్యాటర్ మ్యాట్ హాలిడే కొడుకు. ఇప్పుడతనికి 19 ఏళ్లు.

ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకోలేను. టికెట్టు కొనుక్కుని వచ్చిన కుటుంబానికి ఆ పూట జట్టు గెలవడానికి ప్రయత్నించాలి. ఓటమి వల్ల లాభముండే ఏర్పాటు ఆటకి మంచిది కాదు. లీగ్ కూడా ఈ ఏడాది డ్రాఫ్ట్ నుంచి మొదటి ఎంపికలకి లాటరీ పెట్టింది. ఆ పని ముందే చెయ్యాల్సింది. కానీ ఆ ఓటముల ఖరీదు ఊరంతా కలిసి కట్టేసింది. పెద్దపేగు క్యాన్సర్‌ని జయించి తిరిగొచ్చిన ట్రే మన్సీనిని, మా అందరికీ ప్రాణమైన మనిషిని, నిరుడు ఆగస్టు 1న జట్టు ప్లేఆఫ్ రేసులో ఉండగానే హ్యూస్టన్‌కి పంపేశారు. మర్నాడే క్లోజర్‌ని, అంటే ఆట ఆఖర్లో వచ్చి ముగించే పిచ్చర్ హోర్హే లోపెజ్‌ని మినెసోటాకి ఇచ్చేశారు. రేపటి కోసం ఇవాళ్టిని అంతలా త్యాగం చేసినవాళ్లు, ఆ రేపు వచ్చాక దాన్ని ఎలా చూసుకోవాలో కూడా తెలిసి ఉండాలి. నా బెంగంతా దాని మీదే.

2022 మే 21 రాత్రి మా జట్టు స్టేడియం క్యామ్డెన్ యార్డ్స్‌లో రచ్‌మన్ మొదటి ఆట. మాస్క్ చేతిలో పట్టుకుని డగౌట్ మెట్లెక్కి ప్లేట్ దగ్గరికి నడిచాడు. జనం లేచి నిలబడ్డారు. క్యాచర్ చోటులో నిలబడి అతను ఒకసారి అటు తిరిగి, ఇటు తిరిగి స్టేడియమంతా కలయజూశాడు. కుడివైపు గోడ వెనక ఇటుకరంగు బీ అండ్ ఓ వేర్‌హౌస్, పై అంతస్తుల దాకా నారింజరంగు చొక్కాలు. తొందరేమీ లేకుండా చూశాడు. తర్వాత మాస్క్ తగిలించుకుని కూచున్నాడు. ఆ రాత్రి అతని మొదటి హిట్ ట్రిపుల్, ఒక్క దెబ్బకి మూడో బేస్ చేరాడు. ఆ పూటకి ఓరియోల్స్ 16 గెలిచి 24 ఓడి ఉంది. అక్కణ్ణుంచి ఏడాది చివరిదాకా 67 గెలిచింది, 55 ఓడింది.

ఒక్క మనిషి రాకతో ఇంత జరుగుతుందా అని క్రికెట్ చూసి పెరిగిన మనకి సందేహం రావచ్చు. మన దగ్గర వికెట్‌కీపర్ పాత్ర గొప్పదే గానీ బౌలర్ ఏ బంతి వెయ్యాలో అతను చెప్పడు. ఇక్కడ ప్రతి బంతికీ ముందు క్యాచర్‌దే ఆలోచన. స్ట్రైక్ జోన్ అంచున పడ్డ బంతిని మణికట్టు కదలకుండా, లాగినట్టు కనబడకుండా పట్టుకుంటే అంపైర్ చెయ్యి లేస్తుంది. గ్లవ్ వేలెడంత జారినా అదే బంతి బాల్ అయిపోతుంది. ఆటకి నూరు నూటయాభై బంతుల్లో ఆ వేలెడు తేడా ఎన్నిసార్లు వస్తుందో ఆలోచించండి. రచ్‌మన్ ఇంకో పని కూడా చేస్తాడు. ఇన్నింగ్స్ ముగియగానే పిచ్చర్ డగౌట్ చేరేలోగా ఎదురెళ్లి పలకరిస్తాడు. ఆట గెలిచిన రాత్రి ఆరడుగుల ఎనిమిదంగుళాల ఫీలిక్స్ బటీస్టాని గట్టిగా కౌగిలించుకుంటాడు. బటీస్టాని ఒకప్పుడు మయామీ వద్దని వదిలేసింది. ఇప్పుడు అతనే మా క్లోజర్.

ఇంత సంబరంలోనూ పాతకాపుల మాట వినాలి. 2009 మే 29న ఇదే స్టేడియంలో ఇలాగే ఇంకో క్యాచర్ అడుగుపెట్టాడు, మ్యాట్ వీటర్స్. అతని మొదటి హిట్ కూడా ట్రిపులే. అతనొచ్చేముందు ఊళ్లో వినిపించిన మాటలు వింటే ఆ కుర్రాడు మనిషి కాడేమో అనిపించేది. తర్వాత నాలుగుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. ఫీల్డింగ్‌కిచ్చే రెండు గోల్డ్ గ్లవ్‌లు గెలిచాడు. 2012లో జట్టు చాలా ఏళ్ల తర్వాత ప్లేఆఫ్‌కి వెళ్లినప్పుడు ప్లేట్ వెనక ఉన్నది అతనే. అయినా ఇవాళ్టికీ అతని పేరెత్తితే ‘ఇంకా ఏదో అవుతాడనుకున్నాం’ అని నిట్టూర్చేవాళ్లున్నారు. నాకు ఆ నిట్టూర్పు వింటే కోపం వస్తుంది. వీటర్స్ చెయ్యాల్సింది చేశాడు. మనం ఊహించుకున్న మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. ఆ తేడాకి అతన్ని బాధ్యుణ్ణి చెయ్యడం అన్యాయం.

అదే రోజుల్లో వచ్చిన కుర్ర పిచ్చర్ల కథ ఇంకా నొప్పి పెడుతుంది. వాళ్లలో జేక్ ఆరియెటా ఒకడు. ఇక్కడ పరుగులిచ్చుకుంటూ, కిందికీ పైకీ తిరుగుతూ నలిగిపోయాడు. 2013 జులైలో షికాగో కబ్స్‌కి ఇచ్చేశారు. 2015లో అక్కడ 22 ఆటలు గెలిచి, 1.77 ఈఆర్‌ఏతో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. చెయ్యి అదే, బంతీ అదే. ఇక్కడ దొరకనిది అక్కడ ఏదో దొరికింది. దాన్ని ఓపిక అంటే మొత్తం చెప్పినట్టు కాదు. నేర్పే పద్ధతి కూడా మారి ఉంటుంది. కానీ పడిపోయిన కుర్రాణ్ణి ఎవరు ఎలా చూశారన్నది అందులో తప్పకుండా ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఈ జట్టులోనే ఉంది. సెడ్రిక్ మలిన్స్ 2018 ఆగస్టులో మొదటి ఆట ఆడిన రోజు, ఏళ్ల తరబడి సెంటర్ ఫీల్డ్ ఏలిన ఆడమ్ జోన్స్ పక్కకి జరిగి అతనికి చోటిచ్చాడు. ఆ రోజు మలిన్స్ మూడు హిట్లు కొట్టాడు. మరుసటి ఏడాది సీజన్ మొదలయ్యేటప్పుడు సెంటర్ ఫీల్డ్ అతనిదే. 64 సార్లు బ్యాటు పట్టి 6 హిట్లు మాత్రమే కొట్టాడు. నార్‌ఫోక్ పంపారు. అక్కడా కుదరక ఇంకో మెట్టు దిగి బోవీకి వచ్చాడు. ఆ వేసవి బోవీలో అతన్ని చూసినవాళ్లెవరూ ఇతను మళ్లీ పైకొస్తాడని పందెం కాసి ఉండరు. 2020 సీజన్ తర్వాత క్రోన్స్ జబ్బు బయటపడి పేగుకి ఆపరేషన్ అయింది. అప్పుడే రెండు చేతులా ఆడే అలవాటు మానుకుని, ఎడమవైపు నుంచే ఆడదామని నిర్ణయించుకున్నాడు. 2021లో, జట్టు 110 ఓడిన ఆ ఏడాదే, 30 హోమ్ రన్లు కొట్టి 30 బేస్‌లు దొంగిలించాడు. ఓరియోల్స్ చరిత్రలో అంతకుముందు ఆ పని ఎవరూ చెయ్యలేదు. ఈ నెల అమెరికా జాతీయ జట్టు తరఫున వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఆడుతున్నాడు. 64కి 6 దగ్గర అతని కథ ముగించెయ్యడానికి ఎవరికైనా ఎంత సేపు పట్టేది?

అందుకే నా దృష్టంతా ఈ ఏడాది గనర్ హెండర్సన్ మీద ఉంది. అలబామాలోని సెల్మా కుర్రాడు. రచ్‌మన్‌ని తీసుకున్న 2019 డ్రాఫ్ట్‌లోనే రెండో రౌండ్లో దొరికాడు. వయసు 21. నిరుడు ఆగస్టు 31న క్లీవ్‌లాండ్‌లో మొదటి ఆట ఆడుతూ హోమ్ రన్ కొట్టాడు. ఎంత బలంగా తిప్పాడంటే తల మీది హెల్మెట్ ఊడి పడిపోయింది. చెదిరిన పొడుగాటి జుట్టుతోనే బేస్‌లన్నీ చుట్టి వచ్చాడు. ఈ మార్చిలో దేశంలో పైకొచ్చే కుర్రాళ్ల జాబితాలు కొన్నిటిలో అతనిదే మొదటి పేరు. నిరుడు ఆడింది 34 ఆటలే గనక ఈ సీజన్‌కి కూడా రూకీ, అంటే కొత్త ఆటగాడి, కిందే లెక్క.

జాబితాలో మొదటి పేరు కావడం భుజాన బరువు. ఏప్రిల్‌లో బాల్టిమోర్ చల్లగా ఉంటుంది, బంతి ఎగరదు. ఎడమచేతి పిచ్చర్ల ముందు హెండర్సన్ తడబడతాడని ఇప్పటికే అంటున్నారు. మొదటి నెల బాగా సాగకపోతే ఏం జరుగుతుందో ఊహించుకోగలను. ముందు లైనప్‌లో, అంటే బ్యాటింగ్ వరసలో, కిందికి దింపుతారు. తర్వాత ఎడమచేతి పిచ్చర్ వచ్చిన రోజు కూచోబెడతారు. తర్వాత ‘నార్‌ఫోక్ వెళ్లి కాస్త సర్దుకుని రా’ అంటారు. నేను చెప్పేది ఒక్కటే. ఈ కుర్రాడికి ఐదో స్థానం ఇచ్చి జూన్ దాకా కదిలించొద్దు. ఎడమచేతి పిచ్చర్లని ఆడడం బెంచి మీద కూచుంటే రాదు. వాళ్ల బంతులకి అవుటవుతూనే నేర్చుకోవాలి.

నా లైనప్ ఇదీ. మొదట మలిన్స్, రెండు రచ్‌మన్, మూడు ఆంథొనీ సాంటాండర్, నాలుగు రయన్ మౌంట్‌కాసిల్, ఐదు హెండర్సన్, ఆరు ఆస్టిన్ హేస్, ఏడు రమోన్ యురియాస్. ఎనిమిదిలో డీహెచ్, అంటే ఫీల్డింగ్ చెయ్యకుండా పిచ్చర్ బదులు బ్యాటు పట్టేవాడు, రోజుని బట్టి మనిషి మారతాడు. తొమ్మిదిలో హోర్హే మటేయో. సాంటాండర్ నిరుడు 33 హోమ్ రన్లు కొట్టాడు. మౌంట్‌కాసిల్ 2021లో 33 కొట్టాడు గానీ, నిరుడు ఎడమవైపు గోడని పాతికడుగులకి పైగా వెనక్కి జరిపి ఎత్తు కూడా పెంచారు. ఆ గోడ అతని చేతుల్లోంచి ఎన్ని హోమ్ రన్లు లాక్కుందో లెక్క చెప్పలేను. మటేయో 35 దొంగతనాలతో నిరుడు అమెరికన్ లీగ్‌లో మొదటివాడు. ఈ ఏడాది బేస్‌లు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకి పెరిగాయి. పిచ్చర్ మాటిమాటికీ బేస్ వైపు విసిరి రన్నర్ని బెదిరించడానికీ వీల్లేదు. తొమ్మిదిలో మటేయో, వెంటనే పైన మలిన్స్. వరసగా ఇద్దరు వేగంగా పరిగెత్తేవాళ్లు, ఆ తర్వాత రచ్‌మన్. ఆ మూడు పేర్లూ ఒకదాని వెనక ఒకటి వచ్చే ఇన్నింగ్స్ కోసం ఇప్పట్నుంచే ఎదురుచూస్తున్నాను.

చిక్కంతా మూడో బేస్ దగ్గర. యురియాస్ నిరుడు అక్కడ గోల్డ్ గ్లవ్ గెలిచాడు. హెండర్సన్‌కీ అక్కడే చోటు కావాలి. యురియాస్‌ని రెండో బేస్‌కి జరపాలని నేనంటాను. గోల్డ్ గ్లవ్ గెలిచినవాణ్ణి జరపడం చెప్పినంత తేలిక కాదు. కానీ అతను అన్ని చోట్లా ఆడిన అనుభవజ్ఞుడు, సర్దుకుంటాడు. 21 ఏళ్లవాణ్ణి ఇవాళ మూడో బేస్, రేపు షార్ట్‌స్టాప్, ఎల్లుండి డీహెచ్ అని తిప్పితే, బ్యాటు పట్టుకున్నప్పుడు కూడా కాళ్ల కింద నేల కుదురుగా ఉండదు.

మొన్న మా బావమరిది విజయవాడ నుంచి ఫోన్ చేసినప్పుడు ఈ లైనప్ చదివి వినిపించాను. అంతా విని, “బావా, తొమ్మిదిమందీ చక్రంలా తిరుగుతూనే ఉంటారంటున్నావు గదా, ఎవరు ముందొస్తే ఏమిటి తేడా?” అన్నాడు.

మంచి ప్రశ్నే. లెక్కలు కట్టేవాళ్లు కూడా అతని పక్షమే. లైనప్ ఎలా పేర్చినా ఏడాది మొత్తం మీద వచ్చే తేడా కొద్ది పరుగులే అంటారు. ఒక్కో మెట్టు పైకి వెళ్తే ఏడాదిలో పదిహేనుకి పైచిలుకు సార్లు అదనంగా బ్యాటు పట్టే అవకాశం వస్తుంది, అంతే. ఆ లెక్క నిజమే. కానీ లైనప్‌ని కుర్రాళ్లు కూడా చదువుతారు. ఆటకి ముందు డగౌట్ గోడకి అంటించిన ఆ కాగితంలో తన పేరు ఎక్కడుందో చూసుకోని ఆటగాడు ఉండడు. మేనేజర్ తన గురించి ఏమనుకుంటున్నాడో ఆ కాగితమే చెప్తుంది.

మన క్రికెటర్ లక్ష్మణ్ సంగతి గుర్తు చేశాను బావమరిదికి. హైదరాబాద్ వాడు, మధ్యలో ఆడాల్సినవాడు, ఏళ్లపాటు ఓపెనర్‌గా నిలబెట్టారు. 2000 జనవరిలో సిడ్నీలో 167 కొట్టింది కూడా ఓపెనర్‌గానే. అయినా కుదురు దొరకలేదు. ఇక ఓపెనింగ్ చెయ్యనని ఆ ఏడాదే తేల్చి చెప్పి, జట్టులో చోటు పోతే పోనీ అని రంజీల్లో ఆడుకున్నాడు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆరో స్థానంలో దిగి 59 చేశాడు. ఫాలో ఆన్‌లో మూడో స్థానానికి పంపారు. ఆ తర్వాత 281. బావమరిది ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే మీ హెండర్సన్‌ని ఐదులోనే ఉంచమను బావా” అన్నాడు.

ఇక గ్రేసన్ రోడ్రిగెజ్. టెక్సస్ కుర్రాడు, 2018 డ్రాఫ్ట్‌లో పదకొండో ఎంపిక. నిరుడు జూన్ మొదట్లో నార్‌ఫోక్‌లో అదరగొడుతూ, పెద్ద జట్టుకి రావడం ఇక రోజుల్లో పని అనుకుంటుండగా వీపు పక్క కండరం పట్టేసి ఆట మధ్యలో ఆగిపోయాడు. మళ్లీ కోలుకుని సారసోటాలో విసురుతున్నాడు. మోచేతి సర్జరీ అయిన జాన్ మీన్స్ ఇప్పట్లో రాడు. కైల్ గిబ్సన్‌ని, కోల్ అర్విన్‌ని బయట్నుంచి తెచ్చుకున్నారు. ఐదో పిచ్చర్ చోటు రోడ్రిగెజ్‌దే కావాలి, అదీ మార్చి 30న బోస్టన్‌లో మొదలయ్యే సిరీస్ నుంచే కావాలి.

ఇక్కడొక పాత జబ్బు గురించి చెప్పక తప్పదు. ఆటగాడికి 172 రోజులు పెద్ద జట్టులో ఉంటేనే ఒక సర్వీసు సంవత్సరం పూర్తయినట్టు. అలాంటివి ఆరు నిండాక తన ఇష్టమొచ్చిన జట్టుకి వెళ్లే స్వేచ్ఛ వస్తుంది. సీజన్ అంతకన్నా కొన్ని రోజులు పొడుగు. అంటే సిద్ధంగా ఉన్న కుర్రాణ్ణి మొదట్లో రెండు వారాలు కింద ఆపితే జట్టుకి అతని మీద ఇంకో ఏడాది హక్కు మిగులుతుంది. 2015లో క్రిస్ బ్రయంట్ అనే కుర్రాడు సన్నాహపు ఆటల్లో 9 హోమ్ రన్లు కొట్టినా కబ్స్ అతన్ని ఏప్రిల్ 17న గానీ పిలవలేదు. ఆ ఏడాది అతని లెక్క 171 రోజుల దగ్గర ఆగింది. లీగ్‌కీ ఆటగాళ్లకీ మధ్య కుదిరిన నిరుటి ఒప్పందంలో దీనికి కొంత మందు వేశారు. మొదటి రోజు నుంచీ ఆడించిన కుర్రాడు రూకీ ఆఫ్ ది ఇయర్ అయితే జట్టుకి అదనపు డ్రాఫ్ట్ ఎంపిక ఇస్తారు. రూకీ ఓట్లలో మొదటి ఇద్దరిలో ఉన్నవాడికి, ఎప్పుడు పిలిచినా సరే, ఏడాది మొత్తం లెక్క కడతారు. నిరుడు ఇంకో జట్టు కుర్రాడు హూలియో రోడ్రిగెజ్ తర్వాత రెండో స్థానంలో నిలిచి రచ్‌మన్ అలాగే తన ఏడాది సంపాదించుకున్నాడు. గ్రేసన్ విషయంలో లెక్కలు పక్కన పెట్టాలని నా కోరిక. అతను సిద్ధంగా లేడని పిచ్చింగ్ కోచ్ అంటే ఒప్పుకుంటాను. అకౌంటెంట్ అంటే ఒప్పుకోను.

కౌజర్, ఇంకో కుర్రాడు జోర్డన్ వెస్ట్‌బర్గ్ నార్‌ఫోక్ నుంచి పెద్ద జట్టు తలుపు తట్టడానికి ఎంతో కాలం పట్టదు. వాళ్ల గురించి నాకు బెంగ లేదు. కెర్‌స్టాడ్ గురించి మాత్రం తరచు ఆలోచిస్తాను. డ్రాఫ్ట్ అయ్యాక గుండె కండరానికి వాపు వచ్చింది. 2021 ఏడాదంతా పోయింది. రెండో ఎంపికగా వచ్చిన పిల్లాడు రెండేళ్లపాటు ఒక్క ఆటా ఆడకుండా, డాక్టర్ ఎప్పుడు పరిగెత్తమంటాడా అని ఎదురుచూశాడు. నిరుడు వేసవిలో కింది జట్లలో మొదలుపెట్టి, శరదృతువులో అరిజోనా ఫాల్ లీగ్‌లో ఎంవీపీ అయ్యాడు. తన వయసువాళ్లతో పోలిస్తే వెనకబడ్డాడని ఎవరైనా అంటే నాకు సహించదు. అతను ఈ ఏడాది బోవీలో మొదలుపెడితే, ఏప్రిల్‌లో చలిగా ఉన్నా సరే వెళ్లి మొదటి బేస్ వైపు కూచుంటాను.

ఏప్రిల్ మొదటి వారంలో క్యామ్డెన్ యార్డ్స్‌లో మొదటి ఆట, యాంకీలతో. టికెట్లు తీసుకున్నాం. మా అమ్మాయి రచ్‌మన్ చొక్కా తీసి పెట్టుకుంది. నేను మాత్రం ముందు స్కోర్‌బోర్డ్ మీద ఐదో పేరు చూస్తాను. అక్కడ హెండర్సన్ ఉంటే, అప్పటిదాకా అతను ఎన్ని బంతులు వదిలేసినా, ఎన్నిసార్లు స్ట్రైక్‌అవుట్ అయినా, ఆ రోజు లేచి నిలబడి చప్పట్లు కొడతాను. మేలో కొడతాను, అవసరమైతే జూన్‌లోనూ కొడతాను.